నల్లమందు ఓడలను సముద్రం మీదే ఎందుకు ఆపలేకపోయారు?

కాకినాడ_టీచరమ్మ | సోమవారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్తాను. ఇవాళ బ్రిటన్, చైనాల మధ్య జరిగిన నల్లమందు యుద్ధాల గురించి చెప్తుంటే ఒక పిల్లాడు లేచి, "టీచర్, సరుకంతా ఓడల్లోనే వచ్చింది కదా, రేవులోకి రాకముందే సముద్రంలో పట్టుకుంటే అయిపోయేదిగా?" అని అడిగాడు. వాళ్ళ నాన్న బోటు మీద వేటకు వెళ్తారు, వాడికి సముద్రం అంటే మనకన్నా బాగా తెలుసు.

చైనా నిషేధం పెట్టింది 1729లో. యుద్ధం వచ్చింది 1839లో. మధ్యలో 110 ఏళ్ళు. ఇన్నేళ్ళలో సముద్రం మీద ఎందుకు ఆపలేకపోయారో వాడికి నేను సరిగ్గా చెప్పలేకపోయాను. పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది. "అవినీతి వల్ల" అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్తారా?

పాతపటాలు | సోమవారం, రాత్రి 9:02

టీచర్ గారూ, మీ పిల్లాడికి ముందు ఒక పటం గీసి చూపించండి. పెర్ల్ నది సముద్రంలో కలిసే చోటు పెద్ద గరాటులా ఉంటుంది. పైన కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ), కింద పడమటి పక్క మకావ్, తూర్పు పక్క హాంకాంగ్. గరాటు నోట్లో, నడిమధ్యలో లింటిన్ అనే చిన్న దీవి. కథంతా ఆ దీవి దగ్గరే జరిగింది.

1821కి ముందు నల్లమందు ఓడలు నేరుగా కాంటన్‌కి దిగువనున్న వాంపోవా రేవు దాకా వచ్చేవి. 1821లో చైనా అధికారులు అక్కడ, మకావ్‌లో గట్టిగా పట్టుబట్టారు. దాంతో వ్యాపారులు ఏం చేశారంటే, పాత ఓడలను తెచ్చి లింటిన్ దగ్గర శాశ్వతంగా లంగరు వేసి నిలిపేశారు. అవి ఇక ఎక్కడికీ పోవు, నీళ్ళ మీద గోదాములు. కలకత్తా నుంచి వచ్చిన ఓడ తన నల్లమందు పెట్టెలు అక్కడ దించేసి, పత్తో బియ్యమో మాత్రం పెట్టుకుని బుద్ధిగా కాంటన్ వెళ్ళేది. అక్కడ సోదా చేస్తే ఏమీ దొరకదు.

బేరం ఎక్కడ జరిగేదంటే కాంటన్‌లో, తెల్లవాళ్ళ కొఠీల్లో. చైనా దళారి వెండి కట్టేవాడు, చీటీ తీసుకునేవాడు. ఆ చీటీ పట్టుకుని లింటిన్‌లో నిలిచిన ఓడ దగ్గరికి పడవ పంపితే పెట్టెలు ఇచ్చేవాళ్ళు. అంటే విదేశీ వ్యాపారి చేతికి కాంటన్‌లో సరుకు మరక అంటదు. సరుకు చైనా నేల మీదికి చేర్చే నేరం మొత్తం చైనా పడవవాళ్ళదే.

అందుకే పిల్లాడి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. సరుకు నిజంగానే సముద్రం మీదే, అందరి కళ్ళ ముందే నిలబడి ఉండేది.

లంగరు | సోమవారం, రాత్రి 10:20

నేను విశాఖ రేవులో చాలా ఏళ్ళు కస్టమ్స్‌లో ప్రివెంటివ్ పని చేసి రిటైరయ్యాను. ఓడలెక్కి సోదా చేయడమే నా ఉద్యోగం, మేము రమ్మేజింగ్ అంటాం. కాబట్టి పనివాడిగా రెండు మాటలు.

ఓడను ఆపాలంటే మూడు కావాలి. దాన్ని అందుకునే పడవ, ఎక్కి సోదా చేసే హక్కు, పట్టుకున్న సరుకు కన్నా జీతం మీద నమ్మకం ఉన్న మనిషి. 1830ల్లో కాంటన్ అధికారుల దగ్గర ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా లేదు.

మొదటిది పడవ. లింటిన్ నుంచి సరుకు మోసే పడవలను చైనాలో 'వేగం పీతలు' అనేవారు. పొడవాటి సన్నటి పడవ, రెండు పక్కలా కలిపి నలభై నుంచి అరవై తెడ్లు, తెరచాపలు, మీద చిన్న ఫిరంగులు. గాలి లేకపోయినా ఆగదు. పీత కాళ్ళలా తెడ్లన్నీ ఒక్కసారి కదులుతుంటే చూసి ఆ పేరు పెట్టారు. గస్తీ పడవ దాన్ని ఏం అందుకుంటుంది?

రెండోది హక్కు. లింటిన్‌లో నిలిచిన ఓడల మీద ఫిరంగులుండేవి, ఎగిరేది విదేశీ జెండా. చైనా గస్తీ దళానికి వాటి మీదికెక్కే ధైర్యం లేదు, ఎక్కితే వచ్చే గొడవ మోయమని పైఅధికారులూ చెప్పలేదు.

మూడోది మనిషి. అది రేపు రాస్తాను, ఇప్పుడు కళ్ళు లాగుతున్నాయి.

మాళవం | సోమవారం, రాత్రి 11:05

నేను ఉద్యోగరీత్యా రత్లాంలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడికి దగ్గర్లో మంద్‌సౌర్, నీమచ్‌లలో ఇప్పటికీ లైసెన్సు మీద నల్లమందు పండిస్తారు. ఫిబ్రవరిలో ఆ తెల్లటి పూల చేలు చూడాలి మీరు. సాయంత్రం కాయకు గాట్లు పెట్టి, మర్నాడు పొద్దున్నే కారిన పాలు గీకి తీస్తారు.

చైనా సంగతి మీరందరూ చెప్తారు కదా, నేను ఇటు పక్క చెప్తాను. చాలామందికి తెలియనిది ఏమిటంటే ఈస్టిండియా కంపెనీ కూడా సముద్రం మీద నల్లమందు దొంగరవాణాని ఆపాలని ఇరవై ఏళ్ళకు పైగా తంటాలు పడింది! చైనాలోకి వెళ్ళేదాన్ని కాదు. మన పడమటి తీరం నుంచి బయటికి పోయేదాన్ని.

కాకినాడ_టీచరమ్మ | మంగళవారం, ఉదయం 6:10

మాళవం గారూ, ఇది నాకు కొత్త. దయచేసి పూర్తిగా చెప్పండి. లంగరు గారూ, మీ మూడో పాయింటు కోసం కూడా ఎదురు చూస్తున్నాను.

మాళవం | మంగళవారం, మధ్యాహ్నం 1:40

బెంగాల్ వైపు పాట్నా, బెనారస్ నల్లమందు మొత్తం కంపెనీ గుత్తాధిపత్యంలో ఉండేది. వారన్ హేస్టింగ్స్ 1773లో మొదలుపెట్టాడు. రైతుకి అడ్వాన్సు ఇచ్చి, పంట వాళ్ళే కొని, ఉండలు చుట్టించి, పెట్టెకి నలభై ఉండల చొప్పున సర్ది కలకత్తాలో వేలం వేసేవాళ్ళు. పెట్టె బరువు 60 కిలోల పైచిలుకు. అక్కడితో "మా చేతులు దులిపేసుకున్నాం" అనేది కంపెనీ. తన సొంత ఓడల్లో ఒక్క పెట్టె కూడా ఎక్కించేది కాదు, ఎందుకంటే చైనాతో తన తేయాకు వ్యాపారం చెడకూడదు. వేలంలో కొన్న ప్రైవేటు వర్తకులు తీసుకెళ్ళేవాళ్ళు, వాళ్ళకి లైసెన్సు ఇచ్చేది కంపెనీయే.

నేనుంటున్న ఈ మాళ్వా ప్రాంతం అలా కాదు. ఇక్కడ హోల్కర్, సింధియా లాంటి సంస్థానాలు. సరుకు తక్కువ ధరకు దొరుకుతుంది, బొంబాయి వర్తకులు కొని చైనాకి పంపితే బెంగాల్ నల్లమందు ధర పడిపోతుంది. అందుకని 19వ శతాబ్దం మొదట్లోనే కంపెనీ తన పడమటి రేవుల నుంచి మాళ్వా నల్లమందు ఎగుమతిని నిషేధించింది. వర్తకులు ఊరుకుంటారా? డామన్, డయ్యూ పోర్చుగీసువాళ్ళవి. అక్కడ కంపెనీ మాట చెల్లదు. సరుకంతా డామన్ దారి పట్టింది.

తర్వాత 1820లలో కంపెనీ సంస్థానాలతో ఒప్పందాలు చేసుకుని నేల మీద దారులు మూసింది. అయినా ఆగలేదు. ఒంటెల మీద ఎక్కించి, పాలీ మీదుగా థార్ ఎడారి దాటించి, జైసల్మేర్ నుంచి కరాచీకి తీసుకెళ్ళేవాళ్ళు. అప్పుడు సింధ్ అమీర్ల చేతిలో ఉంది. కరాచీలో పడవలెక్కించి మళ్ళీ దక్షిణానికి డామన్ దాకా తెచ్చేవాళ్ళు. రత్లాం నుంచి డామన్‌కి నేరుగా ఎంత దూరమో, ఈ చుట్టుదారి ఎంతో పటంలో చూడండి, మతి పోతుంది. లాభం అంత ఉండేది మరి.

చివరికి 1830లో కంపెనీ నిషేధం ఎత్తేసింది. పెట్టెకి 175 రూపాయలు కట్టి పాసు తీసుకుంటే బొంబాయి రేవు నుంచే దర్జాగా పంపుకోవచ్చంది. చుట్టుదారి ఖర్చు కన్నా పాసు చవకైతేనే జనం పాసు తీసుకుంటారు. ఆ లెక్క కంపెనీకి బాగా తెలుసు. 1843లో సింధ్‌ను ఆక్రమించి కరాచీ దారి మూతపడ్డాక పాసు సుంకం పెంచుకుంటూ పోయి 1847కల్లా 400 రూపాయలు చేసింది.

ఇదంతా తలచుకుంటే నాకు కడుపు రగులుతుంది. ఇంత తెలివి, ఇంత ఓపిక, ఇంత లెక్క ఉన్నవాళ్ళు, తమ ఆదాయం కోసం ఒక తీరాన్ని కట్టడి చేయడానికి ఇన్ని చేసినవాళ్ళు, రెండో తీరంలో లక్షల మంది ఇళ్ళు కూలిపోతుంటే అది మా పని కాదన్నారు.

లంగరు | మంగళవారం, సాయంత్రం 7:30

మాళవం గారు చెప్పిన పాసు లెక్క అక్షరాలా నిజం. దొంగదారి ఖర్చు, సుంకం ఈ రెండింటి మధ్య తేడాలోనే స్మగ్లర్ బతుకుతాడు. నా సర్వీసులో బంగారం విషయంలో చూసింది అదే.

మూడో పాయింటుకి వస్తున్నా. 1826లో కాంటన్ గవర్నర్ జనరల్ లీ హోంగ్‌బిన్ ప్రత్యేకంగా ఒక గస్తీ పడవల దళం పెట్టాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పడవలే నెలనెలా మామూళ్ళు పుచ్చుకుని సరుకుని వదిలేయడం మొదలుపెట్టాయి. కంచే చేను మేసింది. 1832లో తర్వాతి గవర్నర్ జనరల్ ఆ దళాన్నే రద్దు చేయాల్సి వచ్చింది. 1837లో అదే పదవిలో ఉన్న డెంగ్ టింగ్‌జెన్ మళ్ళీ పెట్టాడు. ఈసారి ఇంకా ఘోరం. హాన్ జావోచింగ్ అనే నౌకాదళ అధికారి స్మగ్లర్లతో ఒప్పందం చేసుకుని, సరుకులో కొంత వాటా తీసుకుని, అందులోంచి కొన్ని పెట్టెలు "పట్టుకున్నాం" అని పైకి పంపేవాడని ఆ కాలపు చైనా రచనల్లో ఉంది. పట్టివేతలు బాగున్నాయని అతనికి ప్రమోషన్ కూడా వచ్చింది.

టీచర్ గారూ, "అవినీతి వల్ల" అని ఊరుకోవడం ఇష్టం లేదన్నారు, మీరన్నది సరైనదే. ఆ మాటతో నేరమంతా ఆ గస్తీ పడవల మీద ఉన్న పేద సిపాయిల నెత్తిన పడుతుంది. ఒక్క రాత్రిలో ఏడాది జీతం చేతిలో పెట్టేవాడు ఎదురుగా ఉన్నప్పుడు, వెనక నుంచి జీతం సరిగా రానప్పుడు, మనిషిని మాత్రమే తిట్టి లాభం లేదు. పెట్టె తయారైన చోట, వేలం పాడిన చోట ఎవరూ ముట్టుకోలేదు.

శారద_హాంకాంగ్ | మంగళవారం, రాత్రి 9:15

ఈ చర్చ చదువుతూ ఆగలేక లాగిన్ అయ్యాను. పదకొండేళ్ళుగా హాంకాంగ్‌లో ఉంటున్నాం. ఆకాశం తేటగా ఉన్నరోజు పడమటి తీరం నుంచి చూస్తే లింటిన్ దీవి కనిపిస్తుంది. ఇప్పుడు షెంజెన్ కింద ఉంది, సంరక్షిత అడవి. మా పిల్లలకి చూపించి "అదిగో, అక్కడే మన దేశం నల్లమందు ఓడల్లో నిలబడి ఉండేది" అంటే వాళ్ళు నమ్మలేదు.

ఇంకొక సంగతి. సరుకు లింటిన్‌లో ఆగలేదు. 1830ల్లో ఓడలు ఉత్తరానికి ఫూజియాన్ తీరం వెంట వెళ్ళి కొత్త రేవుల్లో అమ్మడం మొదలుపెట్టాయి. జార్డిన్ అనే బ్రిటిష్ వర్తక కంపెనీ పంపిన 'సిల్ఫ్' అనే ఓడలో దుబాసీగా వెళ్ళింది గుట్స్‌లాఫ్ అనే క్రైస్తవ ప్రచారకుడు. ఓడ ఒక పక్క నుంచి నల్లమందు దించుతుంటే ఆయన ఇంకో పక్క నుంచి మతగ్రంథాలు పంచాడు. ఈ ముక్క ఎప్పుడు గుర్తొచ్చినా మనసంతా చేదవుతుంది.

వేగం సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలికి ఎదురు చైనా వైపు వెళ్ళలేక ఓడలు ఏడాదికి ఒక్క విడతే పోయేవి. 1829లో హౌరాలో కట్టిన 'రెడ్ రోవర్' గాలికి ఎదురెళ్ళి 86 రోజుల్లో కలకత్తాకి తిరిగొచ్చింది. ఇక ఏడాదికి రెండు మూడు విడతలు. ఆ ఓడల మీద తెరచాపలు లాగింది చాలావరకు మన దేశపు నావికులు, లస్కర్లే.

సిపాయి_మనవడు | మంగళవారం, రాత్రి 10:48

చిన్న చేర్పు. ఆ యుద్ధానికి వెళ్ళిన సైన్యంలో మద్రాసు దళాలు చాలా ఉన్నాయి. 1841 మే చివర్లో కాంటన్ పక్కన సాన్‌యువాన్‌లీ అనే ఊరి దగ్గర ఊళ్ళవాళ్ళు కర్రలు, బల్లేలు పట్టుకుని తిరగబడ్డారు. పెద్ద వాన. 37వ మద్రాసు పటాలంలో అరవై మంది దాకా దారి తప్పి విడిపోయారు. చెకుముకి తుపాకులు, మందు తడిసి ఒక్కటీ పేలలేదు. చతురస్రంలా కూడి నిలబడ్డారు, చివరికి నౌకాదళం వాళ్ళు వచ్చి విడిపించారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు గణనీయంగా ఉండేవారు కాబట్టి, ఆ వానలో నిలబడినవాళ్ళలో మనవాళ్ళూ ఉండి ఉంటారనే నా నమ్మకం. వాళ్ళు ఎవరి కోసం నిలబడ్డారో వాళ్ళకి ఎవరైనా చెప్పారా?

పాతపటాలు | బుధవారం, ఉదయం 7:25

ఇప్పుడు లిన్ జెషూ దగ్గరికి వద్దాం. 1838 నాటికి ఏడాదికి దాదాపు 40,000 పెట్టెలు దిగుతున్నాయి. దేశంలో వెండి బయటికి పోతోంది. చక్రవర్తి దావోగ్వాంగ్ లిన్‌ను ప్రత్యేక అధికారిగా పంపాడు. 1839 మార్చి 10న కాంటన్ చేరాడు.

ఆయన ఆలోచన చూడండి. సముద్రం మీద ఓడలను వెంటాడలేదు. లంగరు గారు చెప్పినట్టు పడవతో అందుకోలేమని ఆయనకి తెలుసు. చీటీ ఎక్కడ పుడుతుందో అక్కడ పట్టుకున్నాడు. విదేశీ కొఠీలను చుట్టుముట్టి, పనివాళ్ళను బయటికి పిలిపించేసి, లింటిన్ ఓడల్లో ఉన్న సరుకంతా అప్పజెప్పమన్నాడు. బ్రిటిష్ ప్రతినిధి చార్లెస్ ఎలియట్ మార్చి 27న ఒప్పుకున్నాడు. మొత్తం 20,283 పెట్టెలు. వందేళ్ళలో ఏ గస్తీ పడవా పట్టనిది ఒక్క బీగంతో వచ్చింది.

ఎలియట్ వ్యక్తిగతంగా ఈ వ్యాపారాన్ని అసహ్యించుకున్న మనిషే. కానీ అప్పజెప్పేటప్పుడు వ్యాపారులకి "నష్టం రాణి ప్రభుత్వం భరిస్తుంది" అని మాటిచ్చాడు. ఆ ఒక్క మాటతో దొంగసరుకు కాస్తా రాణిగారి సొత్తయిపోయింది.

రేవుగాలి | బుధవారం, ఉదయం 8:50

ఆ పెట్టెలన్నీ కుప్పపోసి తగలబెట్టారట కదా? మా చిన్నప్పుడు అలాగే చదువుకున్నాం.

లంగరు | బుధవారం, ఉదయం 9:30

లేదు బాబూ, కాల్చలేదు. కాలిస్తే కొంత కరిగి మట్టిలోకి ఇంకుతుంది, జనం ఆ మట్టి తవ్వి మళ్ళీ తీసుకుంటారు. హూమెన్ దగ్గర సముద్రం ఒడ్డున మూడు పెద్ద గోతులు తవ్వి, అడుగున రాళ్ళు పరిచారు. నీళ్ళు నింపి, ఉండలు పగలగొట్టి వేసి, ఉప్పు వేసి, ఆపైన సున్నం వేశారు. సున్నం పడగానే నీళ్ళు కుతకుత ఉడికాయి. కూలీలు పలకల మీద నిలబడి కలియబెట్టేవాళ్ళు. పాటు వచ్చినప్పుడు మదుము ఎత్తి సముద్రంలోకి వదిలేవాళ్ళు. 1839 జూన్ 3న మొదలుపెట్టి మూడు వారాల పైన పట్టింది. వెయ్యి టన్నులు దాటిన సరుకు. దాదాపు 500 మంది కూలీలు, వాళ్ళ మీద అధికారులు.

పట్టుకున్న సరుకుని నాశనం చేయడం పట్టుకోవడం కన్నా కష్టం. గోదాములోంచి మాయం కాకుండా చివరి గ్రాము దాకా లెక్క చూపడం ఎంత టెన్షనో చేసినవాడికి తెలుస్తుంది. అందుకే ఆ పని గురించి చదివితే ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

శారద_హాంకాంగ్ | బుధవారం, మధ్యాహ్నం 12:20

రేవుగాలి గారు చెప్పిన కాల్చడం కూడా ఒకటుంది, అది చాలా తర్వాత. 1919 జనవరిలో షాంఘైలో, మిగిలిపోయిన 1,207 పెట్టెలను కొలిమిలో వేసి కాల్చారు. రెండూ కలిసిపోయి ఉంటాయి.

ఆ మధ్య కాలం గురించి కూడా క్లాసులో చెప్పండి టీచర్ గారూ. యుద్ధంలో ఓడిపోయాక 1842 ఒప్పందం ప్రకారం చైనా కట్టిన 2 కోట్ల 10 లక్షల డాలర్లలో 60 లక్షలు ఆ నాశనమైన నల్లమందుకే. 1858లో దిగుమతి చట్టబద్ధమైంది. అయినా దొంగరవాణా ఆగలేదు, ఈసారి సుంకం ఎగ్గొట్టడానికి. హాంకాంగ్ సుంకం లేని రేవు, ఇక్కడికి వచ్చిన సరుకు చైనా పడవల్లో రాత్రికి రాత్రి అవతలికి పోయేది. 1860ల చివర్లో కాంటన్ అధికారులు హాంకాంగ్ చుట్టూ సుంకం పడవలు కాపలా పెడితే, ఇక్కడి వర్తకులు 'దిగ్బంధం' అని గగ్గోలు పెట్టారు.

చివరికి చైనా సముద్ర సుంకాల శాఖ అధిపతి రాబర్ట్ హార్ట్ చర్చల్లో కూర్చుని 1886లో ఒప్పందం కుదిర్చాడు. పెట్టె కన్నా తక్కువ నల్లమందు హాంకాంగ్‌లోకి తేకూడదు, పంపకూడదు. ప్రతి పెట్టె కదలికా రేవు అధికారికి చెప్పాలి. 1887లో కౌలూన్ సుంకాల కచేరీ తెరిచారు. మావాన్ దీవిలో ఆ కచేరీ పేరు చెక్కిన రాయి ఇప్పటికీ ఉంది, వెళ్ళి ముట్టుకుని వచ్చాను.

మాళవం | బుధవారం, మధ్యాహ్నం 2:05

అంటే 1886లో పనిచేసింది కూడా పెట్టె లెక్కే! పడవ వెంటపడటం కాదు. అమ్మేవైపు ప్రభుత్వం లెక్క చూపడానికి ఒప్పుకున్నాకే సముద్రం మీది గస్తీకి బలం వచ్చింది. చివరికి ఎగుమతి ఆగింది కూడా అలాగే. 1907లో బ్రిటన్, చైనా ఒప్పుకుని, 1908 నుంచి ఏటా పదో వంతు తగ్గించుకుంటూ పోయారు. 1913కల్లా ఇండియా నుంచి చైనాకి అమ్మకాలు ఆగిపోయాయి. ఏ ఓడనీ ఎవరూ తరమలేదు.

పాతపటాలు | బుధవారం, మధ్యాహ్నం 3:10

మీ మాటకి కొంచెం అడ్డం పడతాను మాళవం గారూ. అప్పటికి చైనాలోనే విపరీతంగా గసగసాల పంట పండుతోంది, ఇండియా సరుకుకి గిరాకీ తగ్గింది. ఇండియా ఆదాయంలో కూడా నల్లమందు వాటా మునుపటంత లేదు. వదులుకోవడం తేలికైనప్పుడు వదులుకున్నారు. 1840 ఏప్రిల్‌లో యుద్ధం మీద బ్రిటిష్ పార్లమెంటులో ఓటు పెడితే ప్రభుత్వం గెలిచింది తొమ్మిది ఓట్ల తేడాతోనే, 271కి 262. మనస్సాక్షి ఉన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆదాయం అడ్డొచ్చింది.

మాళవం | బుధవారం, మధ్యాహ్నం 3:25

ఒప్పుకుంటున్నాను. నా మాట సరిచేసుకుంటాను: అమ్మేవాడికి అవసరం తగ్గాక ఒప్పుకున్నాడు.

కాకినాడ_టీచరమ్మ | గురువారం, రాత్రి 8:40

అందరికీ చేతులెత్తి నమస్కారాలు. ఇవాళ బోర్డు మీద గరాటు గీసి, మధ్యలో లింటిన్ పెట్టి, చీటీ ఎటు పోయిందో, పెట్టె ఎటు పోయిందో రెండు రంగుల చాక్‌పీసులతో గీశాను. మాళవం గారి ఒంటెల దారి కూడా పక్కన వేశాను. పిరియడ్ అయిపోయినా ఎవరూ లేవలేదు.

మా పిల్లాడు అంతా విని, హూమెన్ గోతుల దగ్గరకొచ్చేసరికి మళ్ళీ లేచాడు. "టీచర్, అంత మందు, సున్నం సముద్రంలోకి వదిలితే చేపలు చచ్చిపోవా?" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. దీనికి నా దగ్గర జవాబు లేదు.

లంగరు | గురువారం, రాత్రి 9:05

టీచర్ గారూ, వాడికి నా ఆశీస్సులు చెప్పండి. ఆ ప్రశ్న లిన్ జెషూకీ వచ్చింది. పని మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు, జూన్ 1న, ఆయన సముద్ర దేవుడికి పూజ చేశాడు. నీళ్ళు మైలపడుతున్నందుకు క్షమించమని, జలచరాలన్నిటినీ కొన్నాళ్ళు దూరంగా వెళ్ళిపొమ్మని చెప్పమని వేడుకున్నాడు. తన డైరీలో రాసుకున్నాడు.